థాయ్‌లాండ్ ప్రయాణం: ముందు నెల చూసుకోండి, ఊరు తర్వాత

థాయ్‌లాండ్ వెళ్దామనుకునేవాళ్లు మొదట అడిగే మాట "ఫుకెట్ మంచిదా, క్రాబీ మంచిదా, పట్టాయాతో సరిపెట్టుకోవచ్చా?" అని. దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఇంకో సంగతి తెలియాలి. ఏ నెలలో వెళ్తున్నారు? ఫుకెట్ పడమటి తీరంలో జనవరిలో మోకాలి లోతు నీళ్లలో కింద ఇసుక కనిపిస్తుంది. అదే తీరంలో ఆగస్టులో ఎర్ర జెండా పాతి ఉంటుంది. ఆ జెండా ఉన్నచోట నీళ్లలో దిగకూడదు. హోటల్ అదే, బీచ్ అదే, ఫొటోలూ అవే. సముద్రం మాత్రం అది కాదు.

పిల్లలున్న ఇళ్లలో నెల మన చేతిలో ఉండదు. వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి, ఈ మూడింట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. ప్యాకేజీలు అమ్మేవాళ్ల జాబితా మాత్రం ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. బ్యాంకాక్‌లో రెండు రాత్రులు, పట్టాయాలోనో ఫుకెట్‌లోనో మూడు రాత్రులు, నడుమ ఒక దీవి టూరు. జులైలో ఆ టూరు ఎందుకంత చవకో అందులో ఎవరూ రాయరు. అందుకే సెలవు ముందే ఖాయమైపోయినవాళ్లు ఊరిని ముందుగా ఖాయం చేసుకోకూడదు. సెలవును బట్టి తీరాన్ని ఎంచుకోవాలి. ఎందుకో తెలియాలంటే ఆ దేశం పటం ఒకసారి చూడాలి.

ఒక దేశం, రెండు సముద్రాలు

థాయ్‌లాండ్ దక్షిణ భాగం సన్నని పట్టీలా మలేసియా దాకా దిగుతుంది. క్రా అనే చోట ఆ పట్టీ వెడల్పు 44 కిలోమీటర్లే. పడమట అండమాన్ సముద్రం, తూర్పున థాయ్‌లాండ్ సింధుశాఖ, నడుమ కొండల వరస. పడమటి వైపున ఫుకెట్, క్రాబీ, ఫి ఫి, కో లంటా, సిమిలన్ దీవులు ఉంటాయి. తూర్పు వైపున కో సమూయి, కో ఫాంగన్, కో టావ్.

మే నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా నైరుతి రుతుపవనాలు వీస్తాయి. మన కేరళను, కొంకణాన్ని తడిపే గాలులే అవి. బంగాళాఖాతం, అండమాన్ సముద్రం మీదుగా వెళ్లి పడమటి తీరానికి తగులుతాయి. ఆ తీరంలోని రనోంగ్‌లో ఏడాదికి 4,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. థాయ్‌లాండ్‌లో అతి తడి ప్రాంతాల్లో అదొకటి. కొండలు దాటేసరికి గాలిలో తేమ తగ్గిపోతుంది. అందుకే ఆ నెలల్లో సమూయిలో అప్పుడప్పుడు జల్లు పడినా రోజులో ఎక్కువ భాగం ఎండే ఉంటుంది.

అక్టోబరు తర్వాత గాలి తిరగబడుతుంది. ఈశాన్యం నుంచి వచ్చే గాలి సింధుశాఖ మీద తేమ నింపుకుని ఈసారి తూర్పు తీరాన్ని కొడుతుంది. సమూయిలో ఏడాది మొత్తంలో అతి ఎక్కువ వాన నవంబరులోనే. సరిగ్గా అప్పుడే ఫుకెట్‌లో ఆకాశం తేటపడుతూ ఉంటుంది.

ఇది మనకు కొత్త విషయం కాదు. జులైలో మంగళూరు తడిసి ముద్దవుతుంటే నెల్లూరు ఎండలో ఉంటుంది. నవంబరులో నెల్లూరు మీద వాయుగుండాలు వరస కడితే మంగళూరు పొడిగా ఉంటుంది. ఫుకెట్‌ను మంగళూరు అనుకోండి, సమూయిని నెల్లూరు అనుకోండి. థాయ్‌లాండ్ దక్షిణాది వాతావరణంలో ముప్పాతిక వంతు అర్థమైపోయినట్టే. పనిచేసేవి ఆ గాలులే, అడ్డం నిలిచేవి అలాంటి కొండలే.

నెల్లూరు పేరు ఊరికే ఎత్తలేదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఆ జిల్లాలో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తుంది. అది పుట్టింది బంగాళాఖాతంలో కాదు, థాయ్‌లాండ్ సింధుశాఖలో. దాని పేరు గే. అక్కడ సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ ఓడను ముంచి 91 మందిని బలి తీసుకుంది. నవంబరు 4న చుంఫోన్ జిల్లాను చిన్నాభిన్నం చేసి, ఆ సన్నని పట్టీని దాటి, అండమాన్ సముద్రంలో మళ్లీ బలం పుంజుకుని, నవంబరు 8న మన తీరాన్ని తాకింది. ఇవాళ కో టావ్ వెళ్లేవాళ్లు పడవ ఎక్కే రేవుల్లో చుంఫోన్ ఒకటి. అంత పెద్ద తుపాను అక్కడ అరుదు, నిజమే. కానీ అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా సింధుశాఖ ఎలా ఉండగలదో అది చెబుతుంది. 2019లో పాబుక్ తుపాను జనవరి 4న నఖోన్ సి తమ్మరాత్ తీరాన్ని తాకింది. కొత్త సంవత్సరానికి సమూయి దీవుల్లో ఉన్న పర్యాటకులు పడవలు, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నారు.

ఒక మినహాయింపు గుర్తుపెట్టుకోవాలి. కో చాంగ్ కూడా సింధుశాఖలోనే ఉంది కాబట్టి జులైలో బాగుంటుందని చాలామంది పొరబడతారు. అది సమూయి పక్కన లేదు. ఎక్కడో పైన, కంబోడియా సరిహద్దులో ఉంది. నైరుతి గాలి సింధుశాఖ మీదుగా వెళ్లి నేరుగా ఆ కొండలకే తగులుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కుండపోత. బ్యాంకాక్‌కు దగ్గర్లోని కో సమెత్‌లో మాత్రం అంత వాన ఉండదు.

వాన సంగతి సరే, అల సంగతి చూడండి

"వానాకాలమైతే ఏమైంది, గంటసేపు కురిసి పోతుంది కదా" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. బ్యాంకాక్ విషయంలో అది చాలావరకు నిజం. మధ్యాహ్నం దాటాక దబదబా కురిసి సాయంత్రానికి తెరిపి ఇస్తుంది. గొడుగు పట్టుకుని గుళ్లు చూడొచ్చు, మాల్స్ తిరగొచ్చు. దీవులకు వెళ్లేవాళ్ల లెక్క వేరు. అక్కడ సెలవును పాడుచేసేది వాన కాదు, అల. ఎండ కాస్తున్నా సముద్రం పొంగుతూ ఉంటే పడవ కదలదు, ఈత ఉండదు, నీటి అడుగున మట్టి తప్ప ఏమీ కనిపించదు.

ఫుకెట్ పడమటి తీరంలోని పాతోంగ్, కరోన్, కాటా బీచ్‌లలో మే నుంచి అక్టోబరు దాకా లోపలికి లాగే ప్రవాహాలు పుడతాయి. మోకాలి లోతులో నిలబడ్డ మనిషిని కూడా అవి లాగేయగలవు. ఈత వచ్చినవాళ్లే ఎక్కువ ధైర్యం చేసి ప్రమాదంలో పడతారు. ఎర్ర జెండా ఉంటే పిల్లలు ఎంత మారాం చేసినా నీళ్లలోకి పంపకండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఆ మాట ఇదే కావాలని నా కోరిక.

పడవల సంగతీ అంతే. 2018 జులై 5న ఫీనిక్స్ అనే టూరు పడవ ఫుకెట్ దగ్గర పెద్ద అలల్లో మునిగి 47 మంది చనిపోయారు. అందరూ చైనా నుంచి సెలవులకు వచ్చినవాళ్లే. వాతావరణం బాగాలేదని టూరు రద్దు చేస్తే డబ్బు పోయిందని బాధపడకండి. రద్దు చేయనివాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. లైఫ్ జాకెట్ ఇవ్వకుండా బయల్దేరే పడవ ఏ నెలలోనైనా ఎక్కకూడదు.

ప్రభుత్వమే మూసేసే చోట్లు కొన్ని ఉన్నాయి. సిమిలన్ దీవులు, సురిన్ దీవులు అక్టోబరు నడిమి నుంచి మే నడిమి దాకానే తెరిచి ఉంటాయి. ఫి ఫి దీవుల్లోని మాయా బే ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మూత. ఆ బే కథ తెలుసుకుంటే అక్కడి నిబంధనల మీద విసుగు రాదు. రోజూ వేలమంది దిగి, పడవల లంగర్లు పగడాలను విరగ్గొట్టి, ఆ చిన్న బే దాదాపు చచ్చిపోయింది. 2018 జూన్‌లో పూర్తిగా మూసేశారు. పగడాలు మళ్లీ నాటారు. మనుషులు లేని ఆ నీళ్లలోకి నల్లంచు రెక్కల చిన్న సొరచేపలు తిరిగి వచ్చాయి. 2022 జనవరిలో తెరిచినప్పటి నుంచి పడవలు ముందువైపుకు రాకూడదు, వెనకవైపు రేవులో దిగి నడిచి వెళ్లాలి, ఈత కొట్టకూడదు. "ఈతే లేకపోతే అంత దూరం ఎందుకు?" అనేవాళ్లున్నారు. ఆ ఒడ్డున నిలబడి సొరచేప పిల్లలు తిరిగే నీళ్లను చూడటం చాలదనుకుంటే వేరే బీచ్‌లు బోలెడున్నాయి.

వానాకాలంలో ఫుకెట్ తప్పకపోతే ఒక దారి ఉంది. ఫుకెట్‌కూ ప్రధాన భూభాగానికీ నడుమ ఉన్న ఫాంగ్ ఙా బేకి పడమటి గాలి నేరుగా తగలదు. సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాయి కొండల మధ్య కయాక్ టూర్లు ఆ నెలల్లోనూ చాలా రోజులు నడుస్తాయి. క్రాబీ దగ్గరి ఆవో నాంగ్ నుంచి రైలే అనే బీచ్‌కి వెళ్లాలంటే మాత్రం జాగ్రత్త. రైలేకి రోడ్డు లేదు, నాటు పడవ ఒక్కటే దారి. అలలు పెద్దవైతే మోకాలి లోతు నీళ్లలో సూట్‌కేసులు నెత్తిన పెట్టుకుని దిగాలి. పెద్దవాళ్లతో వెళ్తే ఆ నెలల్లో అక్కడ గది తీసుకోవద్దనే చెబుతాను.

వేసవి సెలవుల్లో

మన బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. ఇందులో మొదటి పది పన్నెండు రోజుల్లో బయల్దేరితే అండమాన్ తీరం ఇంకా చేతిలో ఉన్నట్టే. మే నడిమికి వచ్చేసరికి చూపు తూర్పుకు తిప్పండి. మే చివర, జూన్ నెలల్లో నేను నిస్సందేహంగా చెప్పేది సమూయి, ఫాంగన్, టావ్. అప్పుడు సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. కో టావ్‌లో స్కూబా డైవింగ్ నేర్చుకోవడానికి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. సమూయి పక్కనే ఆంగ్ థోంగ్ సాగర జాతీయ వనంలో 42 దీవులున్నాయి, ఒక రోజు టూరుకు వెళ్లొచ్చు.

మరి అందరూ ఫుకెట్‌కే ఎందుకు పోతారు? సమూయి చేరడం కొంచెం తిప్పలు. అక్కడి విమానాశ్రయం 1989లో బ్యాంకాక్ ఎయిర్‌వేస్ సొంతంగా కట్టుకున్నది. దిగే విమానాల్లో ఎక్కువ భాగం దానివే, అందుకే టికెట్ ధర కొరుకుడు పడదు. చవక దారి సూరత్ థానీ మీదుగా. బ్యాంకాక్ నుంచి చవక విమానంలోనో రాత్రి రైల్లోనో సూరత్ థానీ దిగి, బస్సులో డోన్‌సక్ రేవుకు వెళ్లి, ఫెర్రీ ఎక్కాలి. విమానం, బస్సు, పడవ కలిపి ఒకే టికెట్ కూడా అమ్ముతారు. సగం రోజు పోతుంది. నలుగురున్న కుటుంబానికి మిగిలే డబ్బు చూస్తే నా దృష్టిలో ఆ సగం రోజు దండగ కాదు. రాత్రి రైల్లో పడక మీద పడుకుని వెళ్లడం పిల్లలకు బాగా నచ్చుతుంది కూడా. దూరప్రాంత రైళ్లు 2023 జనవరి నుంచి బ్యాంకాక్‌లో పాత హువా లంఫోంగ్ స్టేషన్‌లో కాకుండా కొత్త క్రుంగ్ థేప్ అఫివత్ స్టేషన్‌లో ఎక్కాలి. పాత గైడ్లు చూసి వెళ్లేవాళ్లు ఇది గమనించాలి.

ఈ సెలవుల్లో ఉత్తరాదికి, అంటే చియాంగ్ మైకి వెళ్లాలనుకుంటే మే చివరి దాకా ఆగడం మేలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొగ కాలం. కోతలయ్యాక పొలాల్లో మోళ్లు కాలుస్తారు, అడవులు అంటుకుంటాయి, మయన్మార్, లావోస్ వైపు నుంచి కూడా పొగ వచ్చి చేరుతుంది. చియాంగ్ మై చుట్టూ కొండలున్న లోయ. గాలి కదలక ఆ పొగ అక్కడే నిలిచిపోతుంది. ప్రపంచంలో అతి కలుషితమైన నగరాల జాబితాలో ఆ ఊరు పైకెక్కే రోజులవి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ మూడు నెలల్లో వెళ్లనే కూడదు. మొదటి వానలు పడగానే గాలి శుభ్రపడుతుంది.

ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్. సూర్యుడు మేషంలోకి అడుగుపెట్టే రోజుల్లో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం. దేశమంతా వీధుల్లో నీళ్లు చల్లుకుంటారు. 2023లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. మన బడులకు అప్పటికి సెలవులు రావు, పిల్లల్లేని జంటలకు, స్నేహితుల గుంపులకు బాగుంటుంది. వాళ్లందరూ సొంతూళ్లకు వెళ్లే రోజులవి కాబట్టి రైలు, బస్సు టికెట్లు చాలా ముందే అయిపోతాయి.

దసరా సెలవుల్లో

మూడింట్లో కష్టమైనది ఇదే. బ్యాంకాక్‌లో ఏడాదిలో అతి తడి నెల సెప్టెంబరు. అండమాన్ వైపు సముద్రం ఇంకా అణగలేదు. సమూయి వైపు సెప్టెంబరు చివరి దాకా ఫర్వాలేదు కానీ అక్టోబరు గడిచేకొద్దీ మబ్బు పడుతుంది. దసరా సెప్టెంబరు చివర్లో వస్తే సమూయికి వెళ్లండి. అక్టోబరు మూడో వారంలో వస్తే సముద్రం ఆశ వదులుకుని బ్యాంకాక్, దాని దగ్గర్లోని పాత రాజధాని అయుత్తయాలతో సరిపెట్టుకోవడం మంచిది.

అయితే ఈ కాలానికి ఒక ఆకర్షణ ఉంది, అది ముఖ్యంగా శాకాహారులకు. చైనా పంచాంగం ప్రకారం తొమ్మిదో నెల పాడ్యమి నుంచి తొమ్మిది రోజులు ఫుకెట్‌లో శాకాహార ఉత్సవం జరుగుతుంది. చాలా ఏళ్లలో అది మన దేవీ నవరాత్రుల రోజులతోనే కలుస్తుంది. వాళ్ల అధికమాసం, మన అధికమాసం వేర్వేరుగా వచ్చిన ఏట నెల తేడా పడుతుంది, 2025లో అలాగే జరిగింది. ఆ తొమ్మిది రోజులూ ఊరంతా పసుపు జెండాలు కడతారు. ఆ జెండా ఉన్న బండి దగ్గర మాంసం, చేప, గుడ్డు ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. ఊరేగింపుల్లో భక్తులు బుగ్గల్లో శూలాలు గుచ్చుకుని నడుస్తారు. చిన్నపిల్లలు భయపడొచ్చు, ముందే చెప్పి తీసుకెళ్లండి.

మిగతా రోజుల్లో శాకాహారం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కూరగాయలతో చేసిన వంటకం అనగానే శాకాహారం అనుకోవద్దు. అక్కడ ఉప్పు బదులు చేపల రసం పోస్తారు, దాన్ని నామ్ ప్లా అంటారు. కూరల ముద్దలో రొయ్యల ముద్ద ఉంటుంది. ఆకుకూర వేపుడులో ఆయిస్టర్ సాస్ పడుతుంది. పచ్చి బొప్పాయితో చేసే సోమ్ తామ్‌లో ఎండు రొయ్యలు దంచి కలుపుతారు. "జే" అని అడిగితే పైన చెప్పిన పూర్తి శాకాహారం అని వాళ్లకు అర్థమవుతుంది. పసుపు మీద ఎర్రగా ఉండే ఆ అక్షరం ఫోన్లో ఫొటో పెట్టుకుని చూపిస్తే మాటతో పనే లేదు. "మై సై నామ్ ప్లా" అంటే చేపల రసం వేయొద్దని. మాంసాహారులకు ఈ ఇబ్బందేదీ లేదు, మన నాలుకకు సరిపోయే కారం, పులుపు అక్కడ వీధి బండి మీదే దొరుకుతాయి.

సంక్రాంతికి, ఆ చుట్టుపక్కల

డిసెంబరు దాకా తడిసే సమూయి వైపు తప్పిస్తే, నవంబరు చివరి నుంచి జనవరి దాకా థాయ్‌లాండ్ చాలావరకు బాగుండే కాలం. అండమాన్ తీరం పూర్తిగా తెరుచుకుంటుంది. ఉత్తరాదిలో చలి మొదలవుతుంది. 2,565 మీటర్ల ఎత్తున్న దోయ్ ఇంథనోన్ దేశంలోకెల్లా ఎత్తైన శిఖరం, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ మంచు పేరుకునే రోజులు కూడా ఉంటాయి. స్వెటర్ లేకుండా వెళ్లకండి.

కార్తీక పౌర్ణమికి కుదిరితే మాత్రం వదులుకోవద్దు. ఆ రాత్రి అక్కడ లోయ్ క్రథోంగ్. అరటి బోదె ముక్క మీద అరటాకులు మడిచి, పూలు, అగరొత్తులు, కొవ్వొత్తి పెట్టి నదిలో వదులుతారు. కార్తీకమాసంలో అరటి దొప్పల్లో దీపాలు వదిలే ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లకు ఆ నది ఒడ్డున పరాయితనం అనిపించదు. ఆకాశ దీపాలు ఎగరేయడం చియాంగ్ మై ప్రత్యేకత. ఆ రెండు మూడు రాత్రులూ అక్కడ విమానాల వేళలు మారుస్తారు, టికెట్ తీసేముందు చూసుకోండి.

ఇంత బాగున్న కాలానికి ధర కూడా అలాగే ఉంటుంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా కొన్ని హోటళ్లు విందు ఖర్చు తప్పనిసరిగా కలుపుతాయి. బుకింగ్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. సంక్రాంతి వారం ఆ రద్దీకీ చైనా కొత్త సంవత్సరం రద్దీకీ నడుమ పడుతుంది కాబట్టి ధరలు కాస్త దిగుతాయి. మూడు సెలవుల్లో ఒకటి ఎంచుకోమంటే నా ఓటు సంక్రాంతికే. పండగ ఇంట్లో చేసుకోవాలనేవాళ్లతో వాదించను. బ్యాంకాక్ మీద ఒక హెచ్చరిక: జనవరిలో గాలి కదలని రోజుల్లో పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నని ధూళి, పెరిగిపోతుంది. 2025 జనవరిలో అందుకే అక్కడ వందల బడులు మూశారు. ఎన్95 మాస్కులు కొన్ని సంచిలో వేసుకోండి.

అన్నీ ఒకే వారంలో వద్దు

బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్, సమూయి, చియాంగ్ మై అన్నీ ఏడు రోజుల్లో చుట్టేసే పథకాలు చూస్తుంటే బాధేస్తుంది. పటంలో ఫుకెట్, సమూయి పక్కపక్కనే కనిపిస్తాయి. రోడ్డు, పడవ కలిపి వెళ్తే దాదాపు పగలంతా పడుతుంది. పైగా ఒకటి బాగున్న నెలల్లో రెండోది చాలావరకు బాగుండదు. వారం రోజులకు ఒక తీరం, దానికి తోడు బ్యాంకాక్ చాలు. ఇంకా రోజులుంటే చలికాలంలో చియాంగ్ మై కలపండి.

బ్యాంకాక్‌ను షాపింగ్‌కే వదిలేయకండి. రాజప్రాసాదంలోని వాట్ ఫ్రా కేవ్ గుడి ప్రాకారం లోపలి గోడల మీద రామాయణం మొత్తం వరసగా చిత్రించి ఉంటుంది, 178 ఘట్టాలు. వాళ్ల రామాయణం పేరు రామకియన్. అందులో హనుమంతుడు తెల్లగా ఉంటాడు, బ్రహ్మచారి కాడు. వారధి కట్టేటప్పుడు రాళ్లు మాయం చేసే మత్స్యకన్య రావణుడి కూతురు, హనుమంతుడు ఆమెను ప్రేమిస్తాడు. రామకథ తెలిసిన పిల్లలు ఆ గోడల వెంట నడుస్తూ ఏది మనదో ఏది వాళ్లదో వెతుక్కుంటుంటే గంట ఇట్టే గడిచిపోతుంది. ఎండ ముదరక ముందే, తెరిచే వేళకే అక్కడుండండి. విదేశీయులకు ప్రవేశం 500 బాట్లు. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. గేటు బయట "ఇవాళ మూసేశారు, వేరే గుడికి తీసుకెళ్తా" అంటూ చాలా మర్యాదగా పలకరించేవాళ్లు ఉంటారు. వాళ్ల వెంట వెళ్తే చివరికి రత్నాల దుకాణంలో తేలతారు. నేరుగా గేటు దాకా నడవండి.

అయుత్తయా అక్కడి నుంచి రైల్లో గంటన్నర, రెండు గంటలు. 1767లో బర్మా సేనలు కాల్చి కూల్చిన రాజధాని. మర్రి వేళ్ల మధ్య చిక్కుకున్న బుద్ధుడి తల ఫొటో ఉన్నది అక్కడే. ఆ తలకంటే మన తల ఎత్తున ఉండకూడదని మర్యాద, అందుకే ఫొటో తీసుకునేవాళ్లు కూర్చుంటారు.

కాగితాలు, డబ్బు, బండి

వీసా నిబంధనలు ఈ మధ్య తరచుగా మారుతున్నాయి. 2023 నవంబరులో భారతీయులకు వీసా లేకుండా 30 రోజులు ఉండనిచ్చారు. 2024 జులైలో దాన్ని 60 రోజులు చేశారు, ఆ తర్వాత తగ్గించాలనే చర్చ నడిచింది. అందుకని టికెట్ తీసే రోజున థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూసుకోవడమే సరైన పద్ధతి. పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ దగ్గరుంచుకోండి. 2025 మే 1 నుంచి టీడీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డ్ తప్పనిసరి. దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్ ఏదైనా ఇమిగ్రేషన్ శాఖది కాదు.

విదేశీ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే ప్రతిసారీ 220 బాట్ల పైనే రుసుము పడుతుంది. తక్కువసార్లు, ఎక్కువ మొత్తం తీయండి. ఈ-సిగరెట్ ఆ దేశంలో నిషేధం, సంచిలో ఉన్నా కేసే. జాతీయ వనాల్లో పగడాలకు హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్ 2021 నుంచి నిషేధం, జరిమానా లక్ష బాట్ల దాకా ఉంది. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ లేనిది ఇక్కడే చూసి కొనుక్కోండి.

బండి అద్దె గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. దీవుల్లో పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు, స్కూటర్ ఇచ్చేస్తారు. వాళ్లూ మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి మనకు భయం ఉండదు. కానీ బండి ప్రమాదాల్లో ప్రాణాలు పోయే దేశాల్లో థాయ్‌లాండ్ ప్రపంచంలో ముందు వరసలో ఉంది. సమూయి, ఫాంగన్ కొండ దారులు వానకు జారుతాయి. మన ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో ద్విచక్ర వాహనం అని ఉండాలి. అది లేకపోతే పోలీసు జరిమానా చిన్న సంగతే. ప్రయాణ బీమా కంపెనీ ఆసుపత్రి బిల్లు కట్టనంటుంది, దీవుల్లోని ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు లక్షల్లో ఉంటాయి. పర్మిట్ లేకపోతే యాప్‌లో కారు పిలుచుకోండి, లేదా వెనక బెంచీలున్న సోంగ్‌తేవ్ అనే చిన్న ట్రక్కు ఎక్కండి. పాస్‌పోర్ట్‌ను తాకట్టుగా ఎవరి చేతిలోనూ పెట్టకండి, స్కూటర్‌కైనా జెట్ స్కీకైనా.

ఇక తిరుగు ప్రయాణం. బ్యాంకాక్‌లో సువర్ణభూమి, డాన్ మ్యుయాంగ్ అని రెండు విమానాశ్రయాలున్నాయి, నగరానికి చెరో వైపు. దేశంలో తిరిగే చవక విమానాలు చాలావరకు డాన్ మ్యుయాంగ్‌లో దిగుతాయి. హైదరాబాద్ విమానం సువర్ణభూమి నుంచి ఉంటే ఊరు అడ్డంగా దాటాలి, సాయంత్రం ట్రాఫిక్‌లో రెండు గంటలు కూడా పట్టొచ్చు. వేర్వేరు టికెట్లయితే రెంటికీ నడుమ కనీసం ఐదారు గంటలు ఉంచండి. దీవి నుంచి వచ్చేవాళ్లు చివరి రాత్రి దీవిలో గడపకుండా బ్యాంకాక్‌లో గడిపేలా చూసుకోండి. అప్పుడు ఒక పూట పడవ రద్దయినా తర్వాతి పూట పడవ అందుకోవడానికి వ్యవధి ఉంటుంది.